కొన్నవాళ్ళ మాట, వాడినవాళ్ళ మాట

2007 అక్టోబరులో మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక పాఠకుడు కంప్యూటరు ముందు కూర్చుని ఒక పుస్తకానికి ఆర్డరు పెట్టారు. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్' ఆ పుస్తకం. బెంగళూరులో అప్పుడే తెరుచుకున్న ఫ్లిప్‌కార్ట్‌కు అదే మొట్టమొదటి బేరం. అక్కడ డబ్బు కడితే పుస్తకం వస్తుందో రాదో, వచ్చినా ఏ స్థితిలో వస్తుందో చెప్పగలిగిన మనిషి ఆ రోజున ఒక్కరూ లేరు. ఆయనకంటే ముందు ఆ దుకాణంలో ఎవరూ ఏదీ కొనలేదు మరి.

ఇప్పుడు అదే ఊళ్ళో ఇడ్లీ రేకులు కొనాలన్నా ముందు ఫోను తీసి ఎన్ని స్టార్లున్నాయో చూస్తున్నారు. "నాలుగున్నర ఉంది, తీసుకో" అని ఇంట్లో ఒకరు అంటే, "మూడొందల మంది రాశారు, చదివి తీసుకో" అని మరొకరు అంటున్నారు. పుస్తకం, పాట, ప్రెషర్ కుక్కర్, పరుపు, దుప్పటి... ఏది కొనాలన్నా ముక్కూ మొహమూ తెలియని వాళ్ళ మాటే మొదట వినిపిస్తోంది. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చన్నది చిన్న ప్రశ్న కాదు. నెల జీతంలోంచి లెక్కపెట్టి తీసిన డబ్బు దాని మీద ఆధారపడి ఉంది.

ఈ ప్రశ్న మీద పాతికేళ్ళుగా ఆర్థికవేత్తలూ, మార్కెటింగ్ ఆచార్యులూ, సమాజ శాస్త్రజ్ఞులూ చాలా పని చేశారు. దాన్నీ, మన బజార్లు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నవాళ్ళు వేరు, వాడినవాళ్ళు వేరు. మనకు కావలసింది రెండోవాళ్ళ మాట. దొరుకుతున్నది ఎక్కువగా మొదటివాళ్ళ మాట.

అడిగి కొనడం మనకు కొత్త కాదు. వేసవిలో ఆవకాయ కాయల బేరం జరిగే చోట కాసేపు నిలబడితే చాలు. అమ్మేవాడు ఒక కాయ కోసి ముక్క చేతిలో పెడతాడు. కొనే ఆవిడ నోట్లో వేసుకుని పులుపు చూస్తుంది, టెంక ముదిరిందో లేదో చూస్తుంది, పీచు ఎంతుందో చూస్తుంది. అంతటితో ఊరుకోదు. పక్కన కత్తిపీట దగ్గర కాయలు కొట్టించుకుంటున్న మరొకావిడని, "కిందటేడు కూడా ఈయన దగ్గరే తీసుకున్నారా? ముక్క మెత్తబడలేదు కదా?" అని అడుగుతుంది. పులుపు తన నాలుకకే తెలిసింది. ముక్క ఏడాది నిలుస్తుందా అన్నది మాత్రం ఏడాది తిన్నవాళ్ళే చెప్పాలి. కొత్తపల్లి కొబ్బరి కాయకు ఆవకాయలో ఉన్న పేరు అలా జాడీల్లోంచి వచ్చిన పేరే.

బియ్యం సంగతీ అంతే. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204ను ఇళ్ళలో సాంబ మసూరి అంటాం. ఆ రకానికి పేరు తెచ్చింది విస్తరిలో అన్నం. ఇప్పటికీ బియ్యం కొట్టులో మొదటి ప్రశ్న "పాతవేనా?" అనే. కొత్త బియ్యం గంజి ఎక్కువ వదిలి ముద్దవుతాయి. నెలల తరబడి నిల్వ ఉన్నవి నీళ్ళు ఎక్కువ పీల్చుకుని పొడిపొడిగా ఉడుకుతాయి. గింజను చూసి ఇది పూర్తిగా పోల్చుకోవడం అనుభవమున్న వాళ్ళకూ కష్టమే. అందుకే చాలా ఇళ్ళలో బస్తా మీద ఏ పేరున్నా ముందు ఒక కిలో తెచ్చి వండి చూస్తారు. కాదంటే అదే బస్తా అప్పటికే ఇంటికి తెచ్చుకున్న పక్కింటివాళ్ళని అడుగుతారు.

ఈ తేడాను ఆర్థికశాస్త్రం 1970లో పట్టుకుంది. ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త ఆ ఏడాది రాసిన వ్యాసంలో సరుకుల్ని రెండుగా విడదీశాడు: చూసి తెలుసుకునేవి, వాడి తెలుసుకునేవి. చీర అంచు ఏ రంగో చూస్తే తెలుస్తుంది, ఆ రంగు నిలుస్తుందో లేదో ఉతికితే గానీ తెలియదు. 1973లో డార్బీ, కార్నీ అనే ఇద్దరు మూడో రకాన్ని చేర్చారు. వాడిన తర్వాత కూడా తెలియనివి. నల్గొండ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ అలాంటిదే. నాలుకకు రుచి తేడా ఉండదు, కంటికి రంగు తేడా ఉండదు. పళ్ళ మీద మచ్చలు పడేనాటికి, ఎముకలు వంగేనాటికి ఏళ్ళు గడిచిపోతాయి. ఇంట్లో బిగించిన నీటి శుద్ధి యంత్రానికి "నీళ్ళు తియ్యగా ఉన్నాయి" అని వెయ్యిమంది మెచ్చుకోలు రాసినా, ఫ్లోరైడ్ తగ్గిందో లేదో ఆ వెయ్యిమందిలో ఎవరికీ తెలియదు. పరీక్ష చేయించిన వాళ్ళకే తెలుస్తుంది. ఏ సరుకు ఈ మూడింటిలో ఎటు పడుతుందో తేల్చుకోకుండా స్టార్లు లెక్కపెట్టడంలోనే సగం పొరపాటు ఉంది.

ఇక పుస్తకాల దగ్గరికి వద్దాం. ఈ వ్యవహారమంతా మొదలైంది అక్కడే. అమెజాన్ 1995 జూలైలో పుస్తకాల దుకాణంగా తెరుచుకుంది. ఆ ఏడాదే పాఠకుల అభిప్రాయాలకు చోటిచ్చింది, మంచికీ చెడుకీ కూడా. పుస్తకాన్ని తిట్టే మాటల్ని దాన్ని అమ్మే చోటే పెడతారా అని ఒక ప్రచురణకర్త నిలదీశాడని, అమ్మడం కంటే కొనాలో వద్దో తేల్చుకోవడానికి సాయపడటమే తమ పని అని తాను అనుకున్నానని సంస్థ స్థాపకుడు జెఫ్ బెజోస్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. వ్యాపారిగా అది సాహసమే. మామూలుగా ఏ కొట్టు యజమానీ తన గోడ మీద తన సరుకు గురించి చెడ్డమాట రాయనివ్వడు.

ఆ మాటలకు అమ్మకాల మీద ఎంత బలముందో జుడిత్ షెవాలియే, డీనా మేజ్‌లిన్ 2006లో చూపించారు. ఒకే పుస్తకం రెండు ఆన్‌లైన్ దుకాణాల్లో ఉన్నప్పుడు, ఒకచోట మంచి అభిప్రాయాలు పెరిగితే అక్కడ అమ్మకం రెండోచోటికంటే పెరుగుతోంది. ఐదు స్టార్ల మెప్పు చేసే మేలు కంటే ఒక్క స్టారు చేసే దెబ్బ పెద్దది. ఆ పరిశోధనలో అన్నిటికంటే విలువైన సంగతి మరొకటుంది. జనం సగటు అంకె చూసి ఊరుకోవడం లేదని, రాసిన మాటలు చదువుతున్నారని వాళ్ళకు ఆధారాలు కనిపించాయి. ఎవరో ఎందుకు మెచ్చుకున్నారో, ఎందుకు విసుక్కున్నారో చదివితే అది తనకు పనికొస్తుందో లేదో పాఠకుడే తేల్చుకోగలడు. 'కథ చాలా నెమ్మదిగా నడిచింది' అని ఒకరు ఒక స్టారు ఇస్తే, నెమ్మదిగా నడిచే కథలే ఇష్టమైన మరొకరు ఆ మాట చదివే పుస్తకం కొంటారు.

కొత్త పుస్తకానికి మొదట్లో పడే మెప్పును కొంచెం తగ్గించి చూసుకోవాలి. విడుదల రోజునే కొనేవాళ్ళు ఆ రచయిత అభిమానులే అయి ఉంటారు. వాళ్ళ తర్వాత వచ్చే మామూలు పాఠకుల అభిప్రాయం అంత గొప్పగా ఉండదని షిన్షిన్ లీ, లోరిన్ హిట్ 2008లో లెక్కకట్టి చూపారు. బహుమతుల విషయంలో ఇంకా ఆశ్చర్యం. 2014లో వచ్చిన ఒక అధ్యయనం బహుమతి గెలిచిన పుస్తకాల్నీ, చివరిదాకా వచ్చి గెలవని పుస్తకాల్నీ జతలుగా తీసుకుని ముప్పై ఎనిమిది వేలకు పైగా పాఠకుల అభిప్రాయాలు పరిశీలించింది. బహుమతి ప్రకటించాక గెలిచిన పుస్తకానికి పాఠకులిచ్చే మార్కులే ఎక్కువగా పడిపోయాయి. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. చదివేవాళ్ళు మారారు. బహుమతి పేరు విని, తమ అభిరుచికి సంబంధం లేని పుస్తకాన్ని కొన్నవాళ్ళు వచ్చి చేరారు.

తెలుగు పాఠకుల అభిప్రాయం చాలాకాలం ఉత్తరాల్లో వెళ్ళింది. వారపత్రికల్లో సీరియల్ నడుస్తుండగానే కార్డులు వచ్చేవి. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు వచ్చే సంచిక కోసం కాచుకున్న ఇళ్ళు ఎన్నో. అంతకు ముందు 'సెక్రటరీ' చదివి, యద్దనపూడి సులోచనారాణి తర్వాతి నవల కోసం ఎదురుచూసిన తరం ఒకటి ఉంది. వీటికంటే నమ్మదగిన కొలబద్ద మరొకటి ఉండేది, అద్దె పుస్తకాల దుకాణం. డెబ్బయ్యో దశకంలో, ఎనభయ్యో దశకంలో తెలుగు పట్టణాల్లో సందుకొకటి చొప్పున ఉండేవి. రోజుకింత అని అద్దె. ఆ దుకాణంలో అట్టకు అట్ట వేసి, దారంతో కుట్టి, మళ్ళీ చిరిగితే మళ్ళీ కుట్టిన పుస్తకాన్ని చూస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. అది చదివిన చేతులు వేసిన ముద్ర. పుస్తకం కొత్తగా మెరుస్తుంటే కుర్రాళ్ళు అనుమానించేవారు. కొనడానికీ చదవడానికీ మధ్య దూరం ఎంత ఉంటుందో ప్రతి ఇంటి అలమారా చెబుతుంది గానీ, అద్దెకు తెచ్చిన పుస్తకాన్ని రోజుకింత కట్టి చదవకుండా ఉంచుకునేవాళ్ళు లేరు. అక్కడ కొన్నవాళ్ళూ వాడినవాళ్ళూ ఒక్కరే.

పాట తీరు వేరు. పుస్తకాన్ని ఒంటరిగా చదువుతాం. పాటను పదిమందితో కలిసి వింటాం, కాబట్టి పదిమంది ఇష్టం మన ఇష్టంలోకి తెలియకుండానే కలిసిపోతుంది.

కొనుగోలుదారుల అభిప్రాయాన్ని లెక్కలోకి తెచ్చి మొత్తం ఉపఖండానికి వినిపించిన మొదటి పెద్ద ప్రయత్నం పాటల మీదే జరిగింది. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ హిందీ పాటలకు వరసలు కట్టి వినిపించేవారు. ఆ వరసలకు మొదట్లో ఆధారం దేశంలోని గ్రామఫోను రికార్డుల దుకాణాల అమ్మకాలు. రికార్డు అమ్ముడైపోయి కొత్తది రాకపోతే ఆ పాట వెనకబడేది. ఆ లోటు తీర్చడానికి శ్రోతల సంఘాల కోరికల్నీ లెక్కలో కలుపుకున్నారు. రికార్డు కొనగలిగిన స్తోమత కొద్దిమందికే ఉన్న రోజుల్లో, కొనలేని శ్రోతకు కూడా లెక్కలో చోటివ్వడం ఎంతో న్యాయమైన ఆలోచన. అమ్మకాల పట్టికలు మాత్రమే చూసేవాళ్ళు ఇవాళ్టికీ గుర్తుంచుకోవలసిన ఆలోచన.

క్యాసెట్ల కాలం వచ్చాక కొనేవాళ్ళ చేతికి ఇంకొంచెం అధికారం వచ్చింది. దుకాణంలో టేప్ రికార్డరు మీద పాట పెట్టించుకుని విని, నచ్చితేనే తీసుకునేవారు. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, తెల్లకాగితం మీద పాటల పట్టీ రాసిస్తే నింపిపెట్టే రికార్డింగ్ సెంటర్లు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. హక్కుల దృష్టితో అది తప్పే. అభిప్రాయాల దృష్టితో చూస్తే ఆ పట్టీలకు సాటివచ్చేది మళ్ళీ రాలేదు. అరవై నిమిషాల క్యాసెట్టులో పన్నెండో పదమూడో పాటలు పడతాయి. వాటిలో ఒక్కటి చేరాలంటే మరొకటి వదులుకోవాలి. పైసా ఖర్చులేకుండా వేలితో నొక్కే మెప్పులో ఆ బరువు ఉండదు.

పాట విషయంలో గుంపు ఎంతగా దారి చూపుతుందో, ఎంతగా దారి తప్పిస్తుందో 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం తేల్చింది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ కలిసి 14,341 మంది శ్రోతలకు పేరులేని బృందాలు పాడిన 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవాళ్ళను ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడగొట్టి, తమ లోకంలో ఎంతమంది ఏ పాటను దించుకున్నారో కనిపించేలా చేశారు. పాటలు అవే. ఫలితాలు మాత్రం లోకానికొక తీరుగా వచ్చాయి. ఎవరి ప్రభావమూ లేకుండా విన్నవాళ్ళ లెక్కలో 26వ స్థానంలో ఉన్న 'లాక్‌డౌన్' అనే పాట ఒక లోకంలో మొదటి స్థానానికి వెళ్ళింది, మరో లోకంలో 40కి పడిపోయింది. మరీ మంచి పాటలు పూర్తిగా మునిగిపోవడం, మరీ నాసిరకం పాటలు పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగవచ్చు. మొదట విన్న కొద్దిమంది ఎటు మొగ్గితే వెనక వచ్చినవాళ్ళు అటే నడిచారు.

పాట విడుదలైన మర్నాడే 'ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని లక్షల వ్యూస్' అని పోస్టర్లు వేయడం వెనక ఉన్న కిటుకు ఇదే. అంకె చూపించడం పాటను వినిపించడంలో భాగమైపోయింది. పాట ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. జనాన్ని తీసుకురాగలిగిన బలం ఎవరికి ఎంతుందో చెబుతుంది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైనప్పుడు చాలాచోట్ల హాళ్ళు దాదాపు ఖాళీగా ఉన్నాయి. పేరున్న హీరో లేడు, పాటలు శాస్త్రీయ సంగీతం మీద నడుస్తాయి. తొలి లెక్కలే నిజమని నమ్మి ఉంటే ఆ సినిమా వారంలో వెళ్ళిపోయేది. చూసి వచ్చినవాళ్ళు ఇంటింటికీ చెప్పారు. మన సినిమా భాషలో 'టాక్' అంటారే, అది కొన్ని వారాల్లో హాళ్ళను నింపింది. అక్కడ పనిచేసింది గుంపు అంకె కాదు. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని, ఏ పాట దగ్గర తన గొంతు పట్టేసిందో చెప్పడం. చెప్పేవాడి ముఖం చూసి వినేవాడు నమ్మాడు.

ఇంటి సామాను దగ్గర వ్యవహారం మరీ గట్టిది. పుస్తకం నచ్చకపోతే రెండొందలు పోతాయి. కుక్కర్ పేలితే మనిషి పోతాడు.

మన మిక్సీ పుట్టుకే వాడినవాళ్ళ ఫిర్యాదులో ఉంది. అరవయ్యో దశకంలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ భార్య వాడుతున్న జర్మన్ మిక్సీ మోటారు కాలిపోయింది. బాగుచేసే దిక్కు దేశంలో లేదు. యూరప్ వంటింట్లో పళ్ళరసానికీ, కేకు పిండికీ చేసిన యంత్రం నానబెట్టిన పప్పు రుబ్బడానికి తట్టుకోలేదు. ఆయన దానికంటే బలమైన మోటారుతో తయారుచేసిందే సుమీత్. ఒక ఇల్లాలి వంటగదిలో తేలిన లోపం ఒక పరిశ్రమను మార్చింది.

ఆ పాఠం ఇప్పటి స్టార్లలో కనిపించడం లేదు. పొద్దున ఒక గ్లాసు రసం తీసుకునేవారూ, రోజూ ఇడ్లీ పిండికి మినప్పప్పు రుబ్బి, దాని మీద గోంగూర పచ్చడి నూరే ఇంటివారూ ఒకే మిక్సీకి స్టార్లు ఇస్తారు. రెండూ కలిపి ఒకే సగటు. మొదటివారి ఐదు రెండోవారికి ఎందుకూ కొరగాదు. డల్లాస్‌లో ఉన్న కూతురికి ఇక్కడినుంచి మిక్సీ పంపాలనుకునే తల్లికైతే ఆ రెండూ చాలవు. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడి మిక్సీ 230కి చేసింది. అక్కడి ప్లగ్గులో పెట్టి వాడి చూసిన తెలుగు ఇల్లాలు చెప్పే ఒక్క వాక్యం వేల స్టార్ల కంటే విలువైనది.

ఈ సగటు అంకెలు ఎంత తేలికైనవో బార్ట్ ద లాంగ్, ఫిలిప్ ఫెర్న్‌బాక్, డొనాల్డ్ లిక్టెన్‌స్టైన్ 2016లో తూకం వేశారు. 120 రకాలకు చెందిన 1,272 వస్తువులకు కొనుగోలుదారులిచ్చిన సగటునూ, 1936 నుంచి ప్రయోగశాలలో వస్తువుల్ని పరీక్షిస్తున్న అమెరికా 'కన్స్యూమర్ రిపోర్ట్స్' ఇచ్చిన మార్కుల్నీ పోల్చారు. రెండు వస్తువుల్లో ఎక్కువ స్టార్లున్నదే పరీక్షలో కూడా మెరుగ్గా తేలింది నూటికి 57 సార్లే. నాణెం ఎగరేసినా నూటికి యాభై సార్లు సరిపోతుంది. పైగా ఖరీదైన వాటికీ, పేరున్న కంపెనీలవాటికీ నాణ్యతతో సంబంధం లేకుండానే ఎక్కువ స్టార్లు పడుతున్నాయి. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళు తమ నిర్ణయాన్ని సమర్థించుకోవాలనుకోవడం సహజమే కావచ్చు. ఆ సమర్థన చదివి కొనే మరొకరు దాన్ని నాణ్యత అనుకుంటున్నారు.

మధ్యస్థంగా తృప్తిపడినవాళ్ళు ఏమీ రాయరన్నది మరో లోటు. పట్టికల్లో ఐదు స్టార్ల వరస పొడుగ్గా ఉంటుంది, ఒకటి కాస్త కనిపిస్తుంది, మధ్యవి మరీ పొట్టిగా ఉంటాయి. చాలా నచ్చినవాళ్ళూ, చాలా మండినవాళ్ళూ మాత్రమే కలం పడుతున్నారు. 'పరవాలేదు, ఈ ధరకు సరిపోతుంది' అని చెప్పే మనిషి మాట ఇంట్లో అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. వ్రాతలో ఆ మనిషి లేడు. 2019 చివర్లో అమెజాన్ మాటలు రాయకుండానే ఒక్క నొక్కుతో స్టారు ఇచ్చే వీలు కల్పించింది. దానివల్ల మౌనంగా ఉండేవాళ్ళ ఓట్లు కొన్ని చేరినమాట నిజం. కానీ ఎందుకు ఇచ్చారో తెలియని స్టారు, ఎవరు పెట్టారో తెలియని వేలిముద్ర లాంటిది. చదివేవాళ్ళకు కారణమే ముఖ్యమని షెవాలియే, మేజ్‌లిన్ చెప్పింది మరిచిపోయి, కారణం లేని అంకెల్ని పెంచుకుంటూ పోయారు.

వాడినా తెలియని ప్రమాదానికి మన దేశంలోనే గట్టి ఉదాహరణ ఉంది. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. ఆ ప్రమాణానికి లోబడని కుక్కర్లను ఒకటి 2,265, మరొకటి 598 అమ్మనిచ్చాయని తేల్చింది. కొన్నవాళ్ళందరికీ కబురు పెట్టి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. వాటిలో రోజూ పప్పు ఉడికించుకున్న ఇళ్ళకు అవి బాగానే పనిచేసి ఉంటాయి. సేఫ్టీ వాల్వు ఏ వేడికి కరగాలో ఆ వేడికి కరుగుతుందా అన్నది ప్రయోగశాలకు తెలుస్తుంది, పప్పుకు తెలియదు. కుక్కర్‌కు పడిన స్టార్ల కంటే దాని అడుగున ఉన్న ఐఎస్ఐ గుర్తే ముందు చూడాలని ప్రతి ఇంట్లో చెప్పుకోవాలి.

రెండు రకాల స్టార్లు కలిసిపోవడం ఇంకో తికమక. ఫ్రిజ్ తలుపు మీద అంటించి వచ్చే స్టార్లు 2006లో మొదలైన కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) పథకానివి, కరెంటు వాడకాన్ని కొలిచి ఇచ్చేవి. కొలత ప్రమాణాన్ని ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు కాబట్టి పాత ఐదు స్టార్లు కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు. అందుకే ఆ లేబుల్ మీద ఏ సంవత్సరానిదో ఉంటుంది. ఫోనులో కనిపించే స్టార్లకు అలాంటి కొలతా లేదు, సంవత్సరమూ లేదు.

నిజంగా కొన్నవాళ్ళ మాట తేలికైపోవడమే ఒక కష్టమైతే, అసలు కొనని వాళ్ళు కొన్నట్టు రాయడం అంతకంటే పెద్ద కష్టం. దీని చరిత్ర కూడా పుస్తకాలతోనే మొదలైంది. 2004 ఫిబ్రవరిలో అమెజాన్ కెనడా విభాగంలో ఒక సాంకేతిక లోపం వల్ల అజ్ఞాతంగా రాసినవాళ్ళ అసలు పేర్లు కొన్ని రోజులు బయటపడ్డాయి. తమ పుస్తకాలకు తామే ఐదు స్టార్లు వేసుకున్న రచయితలు కనిపించారు. తర్వాత అది వ్యాపారమైంది. వస్తువు కొనిపించి, ఐదు స్టార్ల ఫొటో పంపాక డబ్బు తిరిగిచ్చే గుంపులు పుట్టాయి. ఉచితంగా వస్తువు పుచ్చుకుని రాసే అభిప్రాయాల్ని అమెజాన్ 2016 అక్టోబరులో తన సొంత పథకం తప్ప మిగతాచోట్ల నిషేధించింది. డబ్బిచ్చి దొంగ అభిప్రాయాలు రాయించిన అమ్మకందారు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో మొదటి కేసు పెట్టింది. 2024లో ఏకంగా నిబంధనే తెచ్చింది.

మన దేశంలో 2020 జూలై నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు కొనేవాడిలా నటించి అభిప్రాయం రాయకూడదు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అభిప్రాయం రాసిన మనిషి నిజంగా ఉన్నారని సరిచూసుకోవాలి, డబ్బిచ్చి రాయించకూడదు, చెడ్డమాటలు తొలగించి మంచివి మాత్రమే ఉంచకూడదు. ఆలోచన మంచిది, వచ్చిన రూపం స్వచ్ఛందం. పాటించకపోతే శిక్ష లేదు. పండక్కి బట్టలు కొనే కుటుంబానికి అది సరిపోదు. కుక్కర్ మీద గుర్తు తప్పనిసరి అయినప్పుడు, ఆ కుక్కర్‌ను నమ్మించే మాటకు ప్రమాణం ఐచ్ఛికంగా ఉండటం ఏ విధంగానూ సమంజసం కాదు.

భాష సంగతి చెప్పుకోకపోతే ఈ లెక్క పూర్తికాదు. 2020 జూన్‌లో ఫ్లిప్‌కార్ట్, ఆ సెప్టెంబరులో అమెజాన్ తెలుగులోకి వచ్చాయి. వస్తువు పేరు, ధర, బటన్లు తెలుగులో కనిపిస్తాయి. మనుషుల మాట మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో, లేదంటే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంటుంది. రుబ్బడం, నూరడం, దంచడం, విసరడం... నాలుగూ నాలుగు పనులని తెలిసిన భాష తెలుగు. 'గ్రైండింగ్ ఈజ్ గుడ్' అన్న మాటలో ఆ నాలుగూ ఒకటైపోతాయి. పచ్చడి కచ్చాపచ్చాగా నలిగిందా, పిండి కాటుకలా మెదిగిందా, కారం ఘాటు పోకుండా వచ్చిందా అన్నది మన వంటింటి మాటల్లో రాస్తేనే మన వంటింటికి అర్థమవుతుంది. తెలుగులో రెండు వాక్యాలు రాసే ఓపిక ఉన్నవాళ్ళు తప్పక రాయాలి. ఏ పనికి వాడారో, ఎన్నాళ్ళు వాడారో, ఏ నీళ్ళతో వాడారో చెప్పాలి. హైదరాబాదు శివార్లలో బోరునీళ్ళకు గీజరు ఎలిమెంట్ మీద పేరుకునే సున్నం గురించి గోదావరి నీళ్ళు వాడే ఊరివాళ్ళు రాయలేరు.

ఎన్నాళ్ళు వాడారన్నదే అన్నిటికంటే పెద్ద లోటు. సరుకు చేతికి అందిన కొద్ది రోజుల్లోనే 'ఎలా ఉంది?' అని ఫోనులో అడుగుతారు. అప్పటికి అట్టపెట్టె వాసన కూడా పోయి ఉండదు. ఆ జవాబులు పెట్టె బాగా కట్టారని, త్వరగా వచ్చిందని, రంగు ఫొటోలో ఉన్నట్టే ఉందని చెబుతాయి. ఏడాదైన తర్వాత మళ్ళీ అడిగి, ఆ జవాబును ముందువరసలో పెట్టడం యంత్రాలకు కష్టమైన పనేమీ కాదు. ఆ పని జరిగితే సగం చిక్కు తీరుతుంది.

అప్పటిదాకా ఆ జవాబులున్న చోటు ఒకటుంది. ప్రతి బజారులోనూ మిక్సీలు, కుక్కర్లు, స్టవ్వులు బాగుచేసే చిన్న కొట్టు ఉంటుంది. ముందు బల్ల మీద విప్పిన మోటార్లు, గోడకు వేలాడే గాస్కెట్లు, డబ్బాల్లో కప్లింగులు, బుష్షులు. ఏ కంపెనీ జారు ఆరు నెలలకే కారుతుందో, దేని బ్లేడు విడిగా దొరుకుతుందో, దేనికి మొత్తం జారే మార్చాలో, ఏ మోటారు పదేళ్ళయినా వైండింగ్ కోసం రాలేదో ఆ మనిషికి చేతివేళ్ళతో తెలుసు. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచి కంపెనీల విడిభాగాల, సర్వీసు వివరాలు ఒకచోట పెట్టే పని మొదలుపెట్టింది. ఈ కొట్లలో పేరుకున్న జ్ఞానాన్ని మాత్రం ఎవరూ ఇంకా రాసుకోలేదు. పెళ్ళి సామాను కొనబోయే తల్లులు కొందరు షోరూముకు వెళ్ళే దారిలో అక్కడ ఆగుతారు. "బాబూ, అమ్మాయికి ఇవ్వాలి, ఏది తీసుకోమంటావు?" అని అడుగుతారు. అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, బల్ల మీదున్న వాటిని చూపించి, "ఇవి నాలుగూ వద్దమ్మా" అంటాడు.